మోటారు సైకిలు బీమా: ఆసుపత్రి వ్యయము నెవరు భరింతురు?

మా యెరుకలోని యొక యువకుడు 2025 డిసెంబరులో నొకనాటి మునిమాపువేళ తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని, కంకిపాడునకు లోపలనున్న స్వగ్రామమునుండి కాలువకట్ట మీదుగా వచ్చుచు, రోడ్డుపై నారబోసిన ధాన్యము అంచున బండి జారి పడెను. అతనికి మోచేయి విరిగెను. తల్లికి తుంటి యెముక విరిగెను. ఎదుట వాహనము లేదు, ఢీకొట్టినవాడు లేడు. బండికి బీమా యున్నది, గడువు తీరలేదు. అయినను ఆసుపత్రివారి బిల్లులో నొక్క రూపాయియు ఆ బీమావలన రాలేదు. ఐదేండ్ల పాలసీ ఇప్పుడు ముగియుచున్నది. మరల వ్రాయించుకొనవలసిన తరుణమున ఏజెంటు వచ్చి, కొంత సొమ్ము అదనముగ కట్టినచో వైద్యవ్యయము కూడ చేర్తునని చెప్పుచున్నాడట. ఇంతకాలము కట్టినది దేనికి? ఇప్పుడు అదనముగ కట్టవలెనా, వలదా? ఈ రెండు ప్రశ్నలతో ఆ యువకుడు మావద్దకు వచ్చెను. ఇవి అతని యొక్కని ప్రశ్నలు కావు. బండిలేని యిల్లు డెల్టాలో నేడరుదు. కనుక అతనికి చెప్పినదే పాఠకులకును విన్నవించుచున్నాము.

మొదట ఆ పాలసీ యెవరికొరకు పుట్టినదో తెలిసికొనవలెను. మోటారు వాహనములకు నిర్బంధబీమా మన దేశమున 1939 నాటి చట్టముతో ఏర్పడి, 1946లో అమలులోనికి వచ్చెను. 1988 నాటి చట్టము దానినే కొనసాగించినది. ఈ నిర్బంధమునకు మూలమైన దయ బండి నడుపువానిపై కాదు, బండిక్రింద పడువానిపై. నడచిపోవువాడు, సైకిలుపై పోవువాడు, ఎదుటి బండిలోనివాడు గాయపడినచో, బండి యజమానికి చెల్లించు శక్తి లేదను కారణమున వారు అన్యాయమైపోరాదని శాసనకర్తల తలంపు. సుప్రీముకోర్టు ఉత్తరువు ననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనములకు ఈ బీమా ఐదేండ్లకు ఒకేసారి చేయింపవలసి వచ్చినది. 2022 జూన్ నుండి అమలైన పట్టిక ప్రకారము, 75 మొదలు 150 సి.సి. వరకు గల బండికి ఏడాది ప్రీమియము, పన్ను గాక, 714 రూపాయలు. ఆ సొమ్ముతో మనము కొనుచున్నది పరులపట్ల మన బాధ్యతకు రక్షణ. తన బండిమీద తానే పడినవాడు తనకు తాను పరుడు కాజాలడు.

మరి వెనుక కూర్చున్న తల్లి పరురాలు కాదా? సామాన్యుడు ఔననియే అనుకొనును. కాని చట్టము కోరిన కనీసపు పాలసీ వెనుక కూర్చున్నవారికి వర్తింపదని సుప్రీముకోర్టు 2006లో తిలక్ సింగు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. బండి నష్టమును కూడ చేర్చుకొన్న సమగ్ర పాలసీ యైనచో వెనుక కూర్చున్నవారికి నడుపువాని తప్పిదమువలన కలిగిన హానికి కంపెనీ బాధ్యత వహింపవలెనని బీమా నియంత్రణసంస్థ 2009లో స్పష్టము చేసినది. ఒకే బండి, ఒకే రోడ్డు, ఒకే తల్లి. పాలసీ పత్రము మారినచో హక్కు మారును. మా మిత్రుడు కట్టినది కనీసపు పాలసీ.

దానితోపాటు సొంతదారుడైన చోదకునికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాదబీమా కూడ కలదు. 2018కి పూర్వము ద్విచక్రవాహనములకు ఇది లక్ష రూపాయలే. మొత్తము పెద్దదైనందున జనులు దీనిని చూచి ధైర్యపడుచున్నారు. ఇది మరణించినచో వారసులకు 15 లక్షలు ఇచ్చును. రెండు చేతులో, రెండు కాళ్లో, రెండు కన్నులో పోయినచో అంతయు, ఒకటి పోయినచో సగమును ఇచ్చును. విరిగి మరల అతుకుకొను ఎముకకు ఏమియు ఇయ్యదు. ఆసుపత్రి మంచము, శస్త్రచికిత్స, లోపల వేయు ఉక్కుకడ్డీ, ఇవి దాని లెక్కలో లేవు.

ఇంతకంటె విచారకరమైన సంగతి ఆ పత్రములను మేము చేతబట్టి చూచినపుడు బయల్పడెను. బండి కొన్ననాడు అప్పిచ్చువారు పొలమున్న తండ్రి పేర కాగితములు వ్రాసిరి. ఆర్.సి. తండ్రి పేరనే యున్నది. ప్రమాదబీమాయు తండ్రి పేరనే కట్టిరి. తండ్రి బండి నడుపడు. ఆయనకు లైసెన్సే లేదు. ఈ బీమాయో, పేరు నమోదైన సొంతదారుడు, చెల్లుబాటైన లైసెన్సుతో, స్వయముగ నడుపుచున్నప్పుడే వర్తించును. అనగా నడుపని తండ్రికి అది అక్కఱకు రాదు, నడుపు కుమారునకు అది చెల్లదు. ఆ యువకుని చేయి విరుగుట కాక తెగిపోయియుండినను ఫలితమొక్కటియే. ఐదేండ్లు ఎవరి కొరకును గాని రక్షణకు ఆ కుటుంబము సొమ్ము కట్టినది! తండ్రిపేర, అన్నపేర, ఒకప్పుడు అమ్మివేసిన మొదటి యజమానిపేర నుండు బండ్లు మన పల్లెలలో నెన్ని లేవు?

ఇక ఏజెంటు చెప్పు అదనపు వైద్యరక్షణ. దీని నియమములు కంపెనీకొక తీరుగ నున్నవి. కొందరు సొంతదారునికే ఇత్తురు. కొందరు వెనుక కూర్చున్నవారికి కూడ ఇత్తురు. కొందరు బిల్లు చెల్లింతురు, కొందరు ఆసుపత్రిలో నున్న దినమునకు ఇంతయని ఇత్తురు. అన్నిటికిని సామాన్యమైన లక్షణ మొకటి: ఈ రక్షణ ఆ బండిని అంటిపెట్టుకొని యుండును. ఆ బండిపై పడినచో ఆసుపత్రి ఖర్చు వచ్చును. బెంజిసర్కిలు వద్ద రోడ్డు దాటుచు కారు తగిలినను, బస్సు మెట్టుపై జారినను, ఇంటిలో డెంగ్యూ జ్వరము వచ్చినను ఆ కాగితము పలుకదు. విరిగిన యెముకకు కారణము బండియా బస్సా యని డాక్టరు ఫీజు మారదు గదా.

కనుక మేమా యువకుని అడిగిన మొదటి మాట: ఇంటికి ఆరోగ్యబీమా యున్నదా? లేదనెను. ఆటోనగరులో చిన్న విడిభాగముల దుకాణము పెట్టుకొన్నవాడు, ఇ.ఎస్.ఐ. వర్తింపదు. దినమెల్ల బండ్ల పుర్రెలు విప్పి బిగించు వారి నడుమ బ్రతుకుచు తన పాలసీ నొకమారైనను విప్పి చూడలేదు. 2007లో ఆరోగ్యశ్రీగ ఆరంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగ నడచుచున్న ప్రభుత్వపథకమున తమ కుటుంబము చేరినదో లేదో అతనికి తెలియదు. కేంద్రప్రభుత్వము 2025 మే 5న ప్రకటించిన పథకము క్రింద, మోటారు వాహనమువలన రోడ్డుప్రమాదమున గాయపడిన వారెవరికైనను, నిర్ణీత ఆసుపత్రులలో ప్రమాదము నాటినుండి 7 దినములవరకు లక్షన్నర రూపాయల చికిత్స రొక్కము లేకుండ జరుగవలెను. ఆ సంగతియు అతనికి తెలియదు. తల్లి బాధతో అరచుచుండగ, ఆటోవాడు కనబడిన మొదటి నర్సింగుహోమునకు తీసికొనిపోయెను. అది ఆ జాబితాలో నున్నదా యని అడుగవలెనని ఎవరికిని తోచలేదు. పోలీసువారికి తెలియజేయుటయు లేదు. అతనిని నిందింపజాలము. ఆ గడియలో ఎవరికి తోచును? ఇంటి గోడపై ముందే వ్రాసిపెట్టుకొనదగిన సంగతి యది.

ఇట్టి యింటికి మా సలహా యిది. వైద్యవ్యయమునకు ఖర్చుపెట్టదలచిన రూపాయి బండి పాలసీలో కాక కుటుంబ ఆరోగ్యబీమాలో మొదట పెట్టవలెను. జబ్బులకు తొలి 30 దినములు ఆగవలసియున్నను, ప్రమాదమునకు ఆ గడువు లేదు. మొదటి దినమునుండియే చెల్లును. వ్యక్తులును కుటుంబములును కొను ఆరోగ్యపాలసీలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి తొలగింపబడినది. బండి పాలసీపై అది యింకను కలదు. ప్రమాదబీమా సంగతి: 2019 నుండి దానిని బండి పాలసీతో ముడిపెట్టక విడిగ కొనవచ్చును. నడుపువాడు తన పేర విడిగ 15 లక్షలకు సాధారణ వ్యక్తిగత ప్రమాదబీమా తీసికొన్నచో, ఎవరి బండి నడిపినను, అసలు బండియే నడుపకున్నను అది వెంట వచ్చును. ఆరోగ్యబీమా ఇదివఱకే యున్నవారు బండికి మరల వైద్యరక్షణ చేర్చుట చాలవరకు వృథా. ఒకే బిల్లును ఇరువురు పూర్తిగ చెల్లింపరు. దినభత్యము రీతి ఇచ్చునది మాత్రము వేరు.

అయినచో ఆ అదనము ఎవరికిని వలదా? ఒక్కరికి వలయునేమో. వయసు మీరి, చక్కెర, రక్తపోటు కలిగి, ఆరోగ్యబీమా ప్రీమియము భరింపరానిదై, అయినను వారమునకు రెండుమారులు కొడుకు బండి వెనుక కూర్చుండి ఉయ్యూరు సంతకో ఆసుపత్రికో పోవు తల్లికి. వెనుక కూర్చున్నవారికి వర్తించునని పత్రములో స్పష్టముగ వ్రాసియున్నచో, ఆమె కొరకు ఆ కొద్దిసొమ్ము కట్టుట తప్పు కాదు. ఏజెంటు నోటిమాట చాలదు.

ఆ యువకుడు పడిన రోడ్డు బందరురోడ్డులో కలియును. ఆ రోడ్డు చివరనున్న బందరులో, వైద్యుడై జీవితము నారంభించిన పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. నాడు దేశీయుల సొమ్ము దేశీయుల చేతిలో నుండవలెనని పోరాటము. ఆ సొమ్మిచ్చి కొన్న కాగితము ఏమి చెప్పుచున్నదో రైతునకు తెలియవలె ననునది ఇంకను తీరని బాకీ. నియంత్రణసంస్థ కార్యాలయము హైదరాబాదుననే కలదు. ఆరోగ్యపాలసీ సారాంశమును, కొన్నవారు కోరినచో, స్థానికభాషలో నియ్యవలెనని 2024 జనవరినుండి నియమము వచ్చినది. బండి పాలసీ కొనువారు కూడ అట్టి యొక్క పుట తెలుగున నిమ్మని అడుగవలెను. సొంతదారుడు ఎవరు, నడుపువానికి ఏమి, వెనుక కూర్చున్నవారికి ఏమి, ఆసుపత్రికి ఏమి: ఈ నాలుగు వాక్యములు వ్రాయుటకు ఏ కంపెనీకిని కష్టముండదు.

మా మిత్రుడు గడచిన సోమవారము ఆర్.సి. తన పేరునకు మార్చుటకు రవాణాశాఖలో దరఖాస్తు పెట్టెను. తల్లి చేతికఱ్ఱతో వసారాలో నాలుగడుగులు నడచుచున్నది. అదనపు రక్షణ ఆమెకు వర్తించునో లేదో వ్రాసి యిమ్మని ఏజెంటును అడుగగా, కంపెనీని కనుగొని చెప్పెదనని పోయినవాడు ఇంకను రాలేదు.