ఇళ్ళు కట్టేవారికి ఇల్లు

రాయి కొట్టి, మట్టి మోసి, బావులు తవ్వి బ్రతికినవారు వడ్డెలు. ఆ మాట పేరులోనే ఉన్న ఊరు మన వడ్డేపల్లి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడే వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. పాలమూరు కూలీ అంటే దేశమంతటా తెలుసు. ఎన్నో ఆనకట్టలు, కాలువలు, నగరాల మేడలు ఆ చేతులతో లేచినవే.

మరి ఆ చేతులవారి సొంత ఇంటి సంగతి ఏమిటి? రేకుల కప్పు, వానకు కురిసే మట్టి మిద్దె, ఒకే గదిలో మూడు తరాలు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపురం ప్రాంతాలను ముంచినప్పుడు మట్టి గోడలు ఎంతసేపు నిలుస్తాయో మనమందరం చూశాము. కట్టిన చేతులకే ఆ ఇంటి నీడ దక్కాలన్నది యెషయా 65వ అధ్యాయము చూపే దేవుని ఆశ.

చిక్కు పునాది దగ్గరే

ప్రభుత్వ సహాయం లేకపోలేదు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇండ్ల పథకం ప్రారంభమైంది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి, ఇంటి ఇల్లాలి పేరున, 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. అయితే మొదటి లక్ష వచ్చేది బేస్‌మెంట్ పూర్తయిన తరువాతనే. ఆ బేస్‌మెంటుకు కంకర, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి ఎక్కడ నుండి రావాలి?

పత్తి విత్తనాల చేలలో రోజు కూలికి పోయే తల్లికి తెలిసిన దారి ఒక్కటే, వడ్డీ వ్యాపారి గడప. నూటికి 3 రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే 18,000 వడ్డీకే పోతుంది. ఇంటి కోసం తెచ్చిన అప్పే చివరకు ఇంటిని మింగుతుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

దీనికి మార్గం మన తెలుగు నేలమీదనే ఉంది. మిల్లార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 'హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' అనే క్రైస్తవ సేవా సంస్థను స్థాపించారు. ఆ సంస్థ భారతదేశంలో పని మొదలుపెట్టింది 1983లో, ఖమ్మంలోనే. పేదవాని వద్ద వడ్డీ తీసుకొనకూడదన్న నిర్గమకాండము 22వ అధ్యాయపు ఆజ్ఞ ఆ సంస్థ తొలి నియమాలకు ఆధారం. లాభం లేదు, వడ్డీ లేదు. ఇల్లు పొందే కుటుంబం తానూ చెమటోడ్చి పని చేయాలి. వారు తిరిగి కట్టే వాయిదాలు మరొక కుటుంబపు ఇంటికి వెళతాయి. కులము, మతము అడుగరు. ఇది ధర్మం చేయడం కాదు, భాగం పంచుకోవడం. అందుకే ఇల్లు పొందినవారు తల వంచుకోనక్కరలేదు.

మనమేమి చేయగలము?

2018లో వడ్డేపల్లి మునిసిపాలిటీ అయింది. ఇటువంటి చిన్న పట్టణంలో ఒక సంఘము ఒంటరిగా వంద ఇళ్ళు కట్టలేదు. కాని రెండు మూడు సంఘములు, ఒక సేవాసంస్థ, ఒక మహిళా పొదుపు సంఘం చేతులు కలిపితే 'పునాది నిధి' ఒకటి నిలుపవచ్చును. డబ్బు చేతికివ్వకుండా సిమెంటు, ఇనుము కొనివ్వాలి. బేస్‌మెంట్ బిల్లు రాగానే ఆ సొమ్ము వడ్డీ లేకుండా నిధికి తిరిగి రావాలి. అదే లక్ష అప్పుడు పక్క వీధిలోని మరో ఇంటికి పునాది అవుతుంది. లెక్కలు నెలనెలా అందరి ముందు చదవాలి.

డబ్బొక్కటే చాలదు. స్థలం పట్టా సరిగా ఉన్నదా అని చూడాలి. చదువురాని విధవరాలికి తోడుగా కార్యాలయానికి వెళ్ళేవారు కావాలి. కొలతలు తప్పితే బిల్లు ఆగుతుందని ముందే చెప్పే మేస్త్రీ కావాలి. కుళాయి, మరుగుదొడ్డి, కరెంటు మీటరు వచ్చేవరకు వెంట ఉండేవారు కావాలి. నాలుగు గోడలు లేవగానే ఫోటో దిగి వెళ్ళిపోతే అది సగం సేవే.

ప్రియ పాఠకులారా, మన సంఘములలో మేస్త్రీలున్నారు, ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు పని తెలిసిన యౌవనస్థులున్నారు. ఈ కోతకాల కృతజ్ఞతార్పణలో ఒక భాగం పునాది నిధికి వేరుచేయగలమేమో మీ సంఘ కమిటీలో అడిగి చూడండి. మొదట ఒక్క ఇంటితో ఆరంభించుదము.