రాచ్‌డేల్ దుకాణం: లాభం ఎవరిది?

మన కథల్లో కిరాణా షావుకారు తరచుగా ఎదురవుతాడు. తప్పుడు తూకం, అరువు ఖాతా, వడ్డీ మీద వడ్డీ - ఇవన్నీ ఆ ఒక్క మనిషి దుర్మార్గంగానే చాలాసార్లు కనిపిస్తాయి. ఆ దుకాణాన్ని నడిపే ఆర్థిక సూత్రం ఏమిటి, కష్టజీవులు దాన్ని ఎప్పుడైనా ఎదిరించారా అన్న ప్రశ్నలు మాత్రం కథ బయటే నిలిచిపోతాయి. ఎదిరించారు. ఇంగ్లండులో లాంకషైర్‌లోని రాచ్‌డేల్ పట్టణంలో 1844లో పుట్టిన వినియోగదారుల సహకార సంఘం అలాంటి ప్రయత్నమే. దాని విజయం గురించి చాలామంది చెప్పారు. విజయం లోపల దాగిన వైరుధ్యాన్ని కూడా రచయితలు గమనించాలని నా అభిప్రాయం.

రాచ్‌డేల్ ఫ్లానెల్ అనే ఉన్ని బట్టకు పేరుపొందిన ఊరు. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం నేతగాళ్ల బతుకు చితికింది. కూలి పెంచమని చేసిన సమ్మెలు విఫలమయ్యాయి. తెచ్చుకున్న కొద్దిపాటి కూలి కూడా దుకాణంలో మరోసారి దోపిడీకి గురయ్యేది. అరువు తీసుకున్నవాడికి తూకాన్ని ప్రశ్నించే నోరు ఉండదు. కల్తీ ఎంత మామూలో 1850లలో డాక్టర్ హాసల్ చేసిన పరీక్షలు రుజువు చేశాయి. రొట్టెలో పటిక కలపడం సర్వసాధారణం.

ఈ పరిస్థితిలో 28 మంది కూడి, వారానికి రెండేసి పెన్నీలు కూడబెట్టి, 28 పౌన్ల మూలధనం సమకూర్చారు. వీరంతా నేతగాళ్లన్నది ఒక ఐతిహ్యం మాత్రమే. వారిలో ఇతర వృత్తులవారూ ఉన్నారు. రాబర్ట్ ఓవెన్ సోషలిస్టు భావాలు, చార్టిస్టు ఉద్యమం వారిని కూడగట్టాయి. 1844 డిసెంబరు 21 రాత్రి టోడ్ లేన్ అనే వీధిలో ఒక గిడ్డంగి కింది భాగంలో దుకాణం తెరిచారు. సరుకు చూస్తే పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి, కొన్ని కొవ్వొత్తులు - అంతే. కానీ వారి ప్రణాళికలో ఇళ్లు కట్టడం, వస్తువులు తయారుచేయడం, భూమి కొనడం, చివరకు స్వయంపోషకమైన ఒక సమష్టి నివాసాన్ని నెలకొల్పడం కూడా ఉన్నాయి. దుకాణం వారికి గమ్యం కాదు, తొలిమెట్టు.

వారి విధానంలో కీలకం లాభాల పంపిణీ. సరుకు బజారు ధరకే, రొక్కానికే అమ్మేవారు. ఖర్చులు పోగా మిగిలిన దాన్ని వాటా డబ్బును బట్టి కాకుండా, ఎవరు ఎంత కొన్నారన్న లెక్కను బట్టి తిరిగి ఇచ్చేవారు. మూలధనానికి పరిమితమైన వడ్డీ మాత్రమే. ఉదాహరణకు వడ్డీ నూటికి 5, కొనుగోలు మీద డివిడెండు పౌనుకు 2 షిల్లింగులు అనుకుందాం. ఒక పౌను వాటా ఉండి ఏడాదిలో 20 పౌన్ల సరుకు కొన్న కూలివాడికి 41 షిల్లింగులు వస్తాయి. పది పౌన్ల వాటా ఉండి 5 పౌన్ల సరుకే కొన్నవాడికి 20 షిల్లింగులే వస్తాయి. డబ్బు పెట్టినవాడికంటే దుకాణాన్ని వాడుకున్నవాడికే ఎక్కువ ముట్టిందన్నమాట. వాటా ఎంతైనా ఓటు ఒక్కటే. శ్రామికులలో అధిక సంఖ్యాకులకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేని కాలమది. భార్య ఆస్తి మీద భర్తకే హక్కు చెల్లిన ఆ రోజుల్లో స్త్రీలు కూడా ఈ సంఘంలో సభ్యులు కాగలిగారు.

సంఘం ఎదిగింది. 1845లో 74 మంది సభ్యులు, 710 పౌన్ల వ్యాపారం. 1860 నాటికి 3,450 మంది, 1,52,063 పౌన్లు. మిగులులో నూటికి రెండున్నర వంతు చదువుకు కేటాయించారు. దుకాణం పైన గ్రంథాలయం, వార్తాపత్రికల గది వెలిశాయి. పిండి తూచిన చోటనే పుస్తకం అందించారు. సంస్కృతి కడుపు నిండాక వచ్చే విలాసమని వాదించేవారికి ఇంతకంటే మంచి జవాబు ఉండదు.

అయితే అసలు పరీక్ష ఉత్పత్తి రంగంలో ఎదురైంది. ఈ సహకారులే 1854లో బట్టల తయారీకి వేరే సంఘం పెట్టారు. మిల్లులో పనిచేసేవారికి కూడా లాభంలో వాటా ఉండాలన్నది మొదటి నియమం. మిల్లు లాభసాటి అయ్యేసరికి కొత్త వాటాదారులు వచ్చి చేరారు. వారి సంఖ్య పెరిగింది. 1862లో ఓటు వేసి కార్మికుల వాటాను రద్దు చేశారు! నియమాలను ఉల్లంఘించలేదు, ప్రజాస్వామ్య పద్ధతిలోనే చేశారు. కానీ ఓటు వాటాదారుడిది, శ్రమ మరొకడిది. దుకాణంలో కొనేవాడే యజమాని. మిల్లులో పనిచేసేవాడు యజమాని కాలేకపోయాడు. 1866లో మొదటి ఇంటర్నేషనల్ జెనీవా మహాసభకు మార్క్స్ రాసిన సూచనలలో దుకాణాలకంటే ఉత్పత్తి సహకారానికే ప్రాధాన్యం ఇచ్చాడు. వాటా ఉన్నా లేకపోయినా పనిచేసేవారందరికీ లాభం సమంగా అందకపోతే ఆ సంఘాలు మామూలు జాయింట్ స్టాక్ కంపెనీలుగా దిగజారుతాయని హెచ్చరించాడు. రాచ్‌డేల్ మిల్లు అనుభవం అప్పటికే కళ్లముందు ఉంది.

రాచ్‌డేల్ నమూనా మన దాకా కూడా వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1904లో, మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ సహకార సంఘం ఏర్పడింది. వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి దాని స్థాపకులలో ఒకరు. అక్కడ చొరవ చూపింది చదువుకున్న మధ్యతరగతి. అదే ఏడు వచ్చిన ప్రభుత్వ చట్టం పరపతి సంఘాలకే వర్తించింది. ఇతర సహకార సంఘాలకు 1912 చట్టంతో గాని దారి ఏర్పడలేదు. రాచ్‌డేల్‌లో ముందు సంఘం పుట్టి తర్వాత చట్టాన్ని మార్చుకుంది. మన దగ్గర చాలావరకు చట్టం, రిజిస్ట్రారు ముందు వచ్చి సంఘం వెనక వచ్చింది. ఈ తేడా మన సహకారోద్యమాన్ని చాలాకాలం వెంటాడింది.

టోడ్ లేన్ తొలి దుకాణం 1931లో మ్యూజియం అయింది. 28 మంది పేర్లు గౌరవంగా మిగిలాయి. మిల్లులో వాటా పోగొట్టుకున్న కార్మికుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? ఐతిహ్యం మొదటివారిని నిలుపుతుంది. రెండోవారిని వెతకవలసిన బాధ్యత సాహిత్యానిది. సహకార సంఘం గురించి కథ రాసేవారు అధ్యక్షుడి నిజాయితీ దగ్గర, గుమస్తా అవినీతి దగ్గర ఆగిపోకూడదు. లెక్కల పుస్తకం తెరవాలి. మిగులు ఎక్కడ పుట్టింది, దాన్ని పంచే ఓటు ఎవరి చేతిలో ఉంది - ఈ రెండు ప్రశ్నలు వేయాలి. పాత్రల మంచిచెడ్డలకు అర్థం వచ్చేది ఆ తర్వాతే.