సమాధి మీద రాయి లేదు... పాట మాత్రం ఆగలేదు

మౌత్ ఆర్గాన్ మాంత్రికుడు లిటిల్ వాల్టర్‌ను తోటి కళాకారులు, అభిమానులు ఎలా బతికించుకున్నారు?

1968 ఫిబ్రవరి 15. అమెరికాలోని చికాగో నగరం. కొట్లాటలో దెబ్బలు తిని వచ్చి పడుకున్న ఓ మనిషి నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 37 ఏళ్లే. ఒంటి మీద పైకి కనిపించే పెద్ద గాయాలేమీ లేవు. గుండె రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి చనిపోయాడని మరణ పత్రంలో రాశారు. నగరం పక్కనే ఉన్న ఎవర్‌గ్రీన్ పార్క్‌లో, సెయింట్ మేరీస్ శ్మశానంలో పాతిపెట్టారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఆ రాయి రావడానికి 23 ఏళ్లు పట్టింది.

అలా పోయిన మనిషి మామూలువాడు కాదు. అసలు పేరు మారియన్ వాల్టర్ జేకబ్స్. లోకానికి తెలిసిన పేరు లిటిల్ వాల్టర్. అరచేతిలో ఇమిడిపోయే మౌత్ ఆర్గాన్‌తో అమెరికా నల్లజాతి సంగీతం దారినే మార్చిన కళాకారుడు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఎవరు బ్లూస్ పాటకు మౌత్ ఆర్గాన్ వాయించినా, అందులో ఎంతో కొంత ఆయన ఊపిరి ఉంటుందని ఆ విద్య తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు.

రాజుల పేర్లు రాతి మీద ఉంటాయి. పనివాళ్ల పేర్లు తోటివాళ్ల నోట ఉంటాయి. వాల్టర్ పేరు కూడా అలాగే నిలిచింది.

పత్తి చేల నుంచి ఫ్యాక్టరీలకు

బ్లూస్ అంటే మిసిసిపి, లూసియానా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కూలీల మధ్య పుట్టిన పాట. పత్తి చేలో పని, దొర దగ్గర అప్పు, ఇల్లు వదిలిన బాధ, దూరమైన మనిషి... ఇవే అందులో మాటలు. 1916 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతివాళ్లు దక్షిణాది ఊళ్లు వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు వలస వెళ్లారు. కొందరు కూలి కోసం, కొందరు దక్షిణాదిలో జరిగే అవమానాలు, దాడులు భరించలేక. మిసిసిపి నుంచి రైలెక్కినవాళ్లలో చాలామంది దిగింది చికాగోలోనే. వాళ్ల మూటల్లో బట్టలతో పాటు ఈ పాటా వచ్చింది. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ కథ అర్థం కావడానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వాల్టర్ పుట్టింది 1930 మే 1న, లూసియానాలోని మార్క్స్‌విల్‌లో. చిన్నప్పుడే మౌత్ ఆర్గాన్ చేతపట్టాడు. పన్నెండేళ్లకల్లా బడి మానేసి, ఇల్లు వదిలేశాడు. న్యూ ఆర్లీన్స్, మెంఫిస్, హెలీనా, సెయింట్ లూయిస్... ఎక్కడ చిల్లర దొరికితే అక్కడ వాయిస్తూ తిరిగాడు. తనకన్నా 15 ఏళ్లు పెద్దవాడైన హనీబాయ్ ఎడ్వర్డ్స్ అనే గిటారు కళాకారుడితో జత కట్టి, 1940ల మధ్యలో చికాగో చేరాడు. ఎడ్వర్డ్స్ 2011లో 96 ఏళ్ల వయసులో పోయారు. 1997లో వచ్చిన తన ఆత్మకథలో ఆ తిరుగుళ్లను చెప్పారు. తోటి కళాకారుడు గుర్తుపెట్టుకుని చెప్పాడు కాబట్టే ఆ కుర్రాడు తిరిగిన దారులు ఇవాళ మనకు తెలిశాయి.

ఆదివారం సంత

చికాగోలో మ్యాక్స్‌వెల్ స్ట్రీట్ అని ఓ పెద్ద సంత ఉండేది. ఆదివారం సెలవు దొరికిన కూలీలంతా అక్కడికే. పాత బట్టలు, పనిముట్లు, తినుబండారాలు... వాటి మధ్యలో పాటగాళ్లు. దుకాణాల్లోంచి కరెంటు తీగ లాక్కుని, రోడ్డు మీదే గిటారు వాయించేవాళ్లు. ముందు పెట్టిన డబ్బాలో చిల్లర పడేది. వాల్టర్ మొదట పేరు తెచ్చుకున్నది ఆ సంతలోనే. 1947లో మొదటి రికార్డు చేసింది కూడా ఆ వీధిలోని ఓ దుకాణదారు నడిపిన చిన్న కంపెనీకే.

సంతలో అతని వాయిద్యం విని ఆగిపోయినవాళ్లలో జిమ్మీ రోజర్స్ ఒకరు. ఆయన గిటారిస్టు. ఈ కుర్రాడి సంగతి తీసుకెళ్లి మడ్డీ వాటర్స్‌కు చెప్పారు. మడ్డీ వాటర్స్ మిసిసిపిలో ట్రాక్టర్ నడిపిన మనిషి. 1943లో చికాగో వచ్చి, పగలు పని చేసుకుంటూ రాత్రి పాడేవారు. ఈ ముగ్గురూ కలిశాక చికాగో క్లబ్బుల్లో ఎదురు లేకుండా పోయింది. వేరే బ్యాండు వాయిస్తున్న చోటికి వెళ్లి, రెండు పాటలు వాయించి జనాన్ని తమవైపు తిప్పుకునేవారు. అందుకే వీళ్లకు 'తలకాయల వేటగాళ్లు' అని పేరు పడింది.

దోసిట్లో మైకు

మౌత్ ఆర్గాన్ మనకు కొత్త కాదు. 'షోలే' సినిమాలో రాత్రిపూట వరండాలో కూర్చుని అమితాబ్ వాయించే ఘట్టం ఎవరు మర్చిపోతారు? ఆ సినిమాకు నిజంగా వాయించింది భాను గుప్తా. కానీ బ్లూస్ వాళ్లు ఈ వాద్యాన్ని వాడే పద్ధతి వేరు.

జర్మనీలో గడియారాలు చేసే మాథియాస్ హోనర్ 1857లో మౌత్ ఆర్గాన్ల తయారీ మొదలుపెట్టారు. ఊదితే కొన్ని స్వరాలు, గాలి పీలిస్తే కొన్ని స్వరాలు పలుకుతాయి. జర్మన్లు తమ జానపద పాటలకు ఎక్కువగా ఊదే స్వరాలనే వాడుకున్నారు. చౌకగా దొరుకుతుంది, జేబులో పడుతుంది కాబట్టి అమెరికా దక్షిణాదిలో కూలీల చేతికీ చేరింది. వాళ్లు దాన్ని తిరగేశారు. ఊదడం కన్నా పీల్చడం మీద ఎక్కువ ఆధారపడ్డారు. పీల్చేటప్పుడు నాలుక, గొంతు కదలికతో స్వరాన్ని కిందికి వంచొచ్చు. అప్పుడది మనిషి ఏడ్చినట్టు, మూలిగినట్టు, దూరాన రైలు కూత పెట్టినట్టు వినిపిస్తుంది. తయారుచేసినవాళ్లు అనుకోని గొంతును ఆ పేదవాళ్లు దాని నుంచి రప్పించారు.

వాల్టర్ ఇంకో అడుగు ముందుకేశారు. చికాగో క్లబ్బుల్లో గోల ఎక్కువ. గిటార్లకు కరెంటు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి. వాటి మధ్య చిన్న మౌత్ ఆర్గాన్ ఎవరికి వినపడుతుంది? ఆయన ఓ చౌకరకం మైకును మౌత్ ఆర్గాన్‌తో కలిపి రెండు చేతుల దోసిట్లో బిగించి పట్టుకున్నారు. దాన్ని యాంప్లిఫయర్‌కు తగిలించారు. మైకు వాడినవాళ్లు అంతకుముందూ ఉన్నారు. కానీ మైకులో చీలిపోయే శబ్దాన్ని లోపం అనుకోకుండా, దాన్నే పాటగా మలచినవారు వాల్టర్. శాక్సఫోన్ విద్వాంసుడు లూయిస్ జోర్డన్ పాటలంటే ఆయనకు ప్రాణం. ఆ పెద్ద వాద్యం చేసే పనిని అరచేతిలో ఉన్న దానితో చేయించారు.

పేరు వచ్చింది, పాట నిలిచింది

1952 మే 12న మడ్డీ బ్యాండు రికార్డింగ్ జరుగుతోంది. ఆ రోజు వాల్టర్ ముందు నిలబడి ఓ పాట వాయించారు. మాటలు లేవు, మౌత్ ఆర్గానే ప్రధానం. పేరు 'జ్యూక్'. నిడివి మూడు నిమిషాలు కూడా ఉండదు. ఆ ఏడాది విడుదలై, నల్లజాతి సంగీతం అమ్మకాల పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మాటల్లేకుండా మౌత్ ఆర్గాన్ ప్రధానంగా వినిపించే పాట ఆ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కడం అదే మొదలు.

పర్యటన మధ్యలోనే వాల్టర్ మడ్డీ బ్యాండు వదిలి చికాగో వచ్చేశారు. అప్పటికి 'ఏసెస్' అనే బ్యాండులో జూనియర్ వెల్స్ మౌత్ ఆర్గాన్ వాయించేవారు. ఆ చోటులోకి వాల్టర్, వాల్టర్ ఖాళీ చేసిన చోటులోకి వెల్స్ వెళ్లారు. ఏసెస్‌లో లూయిస్ మైయర్స్, డేవిడ్ మైయర్స్ అన్నదమ్ములు గిటార్లు వాయిస్తే ఫ్రెడ్ బిలో డ్రమ్ములు కొట్టేవారు. ఈ ముగ్గురూ వెనకుండగా వాల్టర్ ఎగిరిపోయారు. 1952 నుంచి 1958 వరకు ఆయన పాటలు 14 ఆ పట్టికలో మొదటి పది స్థానాల్లోకి ఎక్కాయి. 1955లో విల్లీ డిక్సన్ రాసిన 'మై బేబ్' కూడా మొదటి స్థానానికి చేరింది.

దాచిపెట్టకుండా చెప్పుకున్నారు

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. వాల్టర్ తోటివాళ్లు మాత్రం ఉన్నదున్నట్టే చెప్పారు. తాగుడు, కోపం, మాట పట్టింపు, కొట్లాటలు... ఇవేవీ దాచలేదు. ఏసెస్ మిత్రులు ఒక్కొక్కరుగా విడిపోయారు. 1960లు వచ్చేసరికి యువతకు రాక్ సంగీతం మీద మోజు పెరిగింది. చేతిలో డబ్బు తగ్గింది, మొహం మీద గాయాల గుర్తులు పెరిగాయి. 1964లో బ్రిటన్, 1967లో యూరప్ తిరిగి వచ్చినా పాత రోజులు మళ్లీ రాలేదు.

అదే మనిషి గురించి చార్లీ మసిల్‌వైట్ చెప్పే మాట వేరు. ఈయన మిసిసిపిలో పుట్టిన తెల్లజాతి కుర్రాడు. 1962లో పని వెతుక్కుంటూ చికాగో వచ్చి, పురుగుల మందు కొట్టే కంపెనీలో డ్రైవరుగా చేరాడు. బండి నడుపుతూ గోడల మీద క్లబ్బుల ప్రకటనలు చూసి, రాత్రి అక్కడికి వెళ్లేవాడు. ఆ వాడలో రాత్రిపూట ఒంటరిగా తిరగడం ప్రమాదం. వాల్టర్ తన కారులో ఇంటికి దించేవారని, కారు లేని రోజు బస్సు వచ్చేదాకా స్టాపులో తోడుగా నిలబడేవారని మసిల్‌వైట్ తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆ కుర్రాడే పెరిగి పెద్ద మౌత్ ఆర్గాన్ విద్వాంసుడయ్యారు.

కత్తిలాంటి కోపం ఉన్నవాడు, కొత్త కుర్రాడికి తోడు నిలిచినవాడు... ఇద్దరూ ఒక్కరే. ఈ రెండూ చెప్పినప్పుడే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

ఆయన మరణం మనకు ఇంకో మాట కూడా చెబుతుంది. పైకి గాయం కనిపించనంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదు. తలకో, ఛాతీకో దెబ్బ తగిలితే, పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. గదిలో ఎవరైనా అలా పడుకుంటే లేపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కుర్చీ ఖాళీగా ఉండలేదు

వాల్టర్ వెళ్లిపోయాక కూడా మడ్డీ వాటర్స్ రికార్డింగులకు ఆయన్ను పిలిపిస్తూనే ఉన్నారు. బ్యాండులో మాత్రం ఆ చోటు ఎవరో ఒకరు నింపాలి. జూనియర్ వెల్స్ తర్వాత 1954 చివర్లో జేమ్స్ కాటన్ వచ్చారు. మిసిసిపిలోని ట్యూనికాలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకున్న మనిషి. రికార్డుల్లో వాల్టర్ ఎలా వాయించారో స్టేజీ మీద అచ్చం అలాగే వాయించాలని జనం అడిగేవారు. కొంతకాలానికి కాటన్, నేను ఎప్పటికీ వాల్టర్‌ను కాలేను, నన్ను నాలాగే వాయించనివ్వమని మడ్డీకి చెప్పేశారు. గురువును గౌరవించడమంటే నకలు తీయడం కాదని ఆయన తేల్చుకున్నారు.

2008 మార్చిలో న్యూయార్క్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాల్టర్ పేరును చేర్చుకుంది. వాల్టర్ పోయి అప్పటికి 40 ఏళ్లు. ఆ రాత్రి వాల్టర్ పాట వాయించడానికి స్టేజీ ఎక్కింది జేమ్స్ కాటన్. వయసు 72. అంతకు చాలా ఏళ్ల కిందటే గొంతు క్యాన్సర్‌తో పాడే గొంతు పోయింది. ఊపిరి మాత్రం ఉంది. ఆ ఊపిరితోనే వాయించారు. కాటన్ 2017 మార్చి 16న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రాయి పెట్టినవాళ్లు

మరి సమాధి సంగతి? 1991లో దాని మీద పేరున్న రాయి నిలిచింది. రాయి చేయించింది రికార్డు కంపెనీ కాదు, ప్రభుత్వం కాదు. స్కాట్ డర్క్స్, ఇయోమాట్ రసూన్ అనే ఇద్దరు అభిమానులు. డర్క్స్ అక్కడితో ఆగలేదు. మరో ఇద్దరితో కలిసి పాత మిత్రులను, బ్యాండు సభ్యులను కదిలించి, వాల్టర్ జీవిత చరిత్రను 2002లో పుస్తకంగా తెచ్చారు. మడ్డీ వాటర్స్ 1983లో, ఫ్రెడ్ బిలో 1988లో, లూయిస్ మైయర్స్ 1994లో, జిమ్మీ రోజర్స్ 1997లో, జూనియర్ వెల్స్ 1998లో, డేవిడ్ మైయర్స్ 2001లో వెళ్లిపోయారు. చూసినవాళ్లు ఉండగానే అడిగి రాసుకోకపోతే ఆ మాటలన్నీ వాళ్లతోనే మట్టిలో కలిసిపోయేవి.

ఈ కథలో మనం పట్టుకోవలసింది అదే. దూరదేశంలో, దూరపట్నంలో పని చేసినవాడి గురించి ఇంటివాళ్లకు తెలియనివి ఎన్నో పక్క మంచంవాడికి తెలుస్తాయి. ఏ పాట ఇష్టం, దేనికి నవ్వేవాడు, ఎవరికి చెయ్యి అందించాడు... ఇవి కంపెనీ రిజిస్టర్లో ఉండవు. తోటివాడు చెబితేనే ఉంటాయి.

సెలవు రోజున వీలు దొరికితే 'జ్యూక్' వినండి. భాష రాకపోయినా ఫర్వాలేదు, అందులో మాటలే లేవు. గదిలో ఎవరి పెట్టెలోనైనా మౌత్ ఆర్గాన్ ఉంటే బయటికి తీయమనండి. ఊదడం అందరికీ వచ్చు. ఈసారి కాస్త గాలి పీల్చి చూడమనండి.