గేమ్ ఇంజిన్ అధ్యయనంలో నమూనా లెవెళ్ల పాత్ర: సోర్స్ ఇంజిన్ ఆధారంగా పరిశీలన

ఉపోద్ఘాతం

వీడియో గేమ్ ఇంజిన్ ఒక్క పనిముట్టు కాదు. దృశ్యాన్ని చిత్రించడం, వస్తువుల చలనాన్ని గణించడం, ధ్వనిని వినిపించడం, ఆటగాని చర్యకు ప్రతిచర్య కల్పించడం వంటి పనులు చేసే అనేక వ్యవస్థల సముదాయం. ఇంజిన్‌తో వచ్చే వివరణ పత్రాలు ఈ వ్యవస్థలను విడివిడిగా నిర్వచిస్తాయి. అవి ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో మాత్రం పూర్తయిన లెవెల్‌లోనే కనిపిస్తుంది. నిఘంటువు ఎంత చదివినా పద్యపు నడక పట్టుబడదు; ఇదీ అటువంటిదే. అందువల్ల ఇంజిన్ నిర్మాతలు నమూనా లెవెళ్లను కూడా అందజేస్తుంటారు. అయితే నమూనాను తెరిచి చూడటం వేరు, దాని నుండి నేర్చుకోవడం వేరు. ఈ భేదాన్ని ప్రధానంగా వాల్వ్ సంస్థ రూపొందించిన సోర్స్ ఇంజిన్ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూల ఫైలు, ఆడే ఫైలు

2004 నవంబరులో విడుదలైన హాఫ్-లైఫ్ 2 ఆటకు ఆధారం సోర్స్ ఇంజిన్. ఔత్సాహికుల కోసం వాల్వ్ అందించిన సోర్స్ ఎస్‌డీకేలో హామర్ అనే లెవెల్ ఎడిటర్‌తో పాటు కొన్ని నమూనా లెవెళ్ల మూల ఫైళ్లు కూడా ఉన్నాయి. ఇవి వీఎంఎఫ్ రూపంలో ఉండే సాధారణ పాఠ్య ఫైళ్లు. వీటిని మూడు ప్రోగ్రాములు వరుసగా ఆడదగిన ఫైలుగా మారుస్తాయి: వీబీఎస్‌పీ స్థలాన్ని చిన్న చిన్న ఖండాలుగా విభజిస్తుంది, వీవిస్ ఏ ఖండం నుండి ఏ ఖండం కనిపించగలదో లెక్కిస్తుంది, వీర్యాడ్ వెలుగునీడలను గణించి ఉపరితలాలపై భద్రపరుస్తుంది.

ఆడే ఫైలును తిరిగి విడదీసే ఉపకరణాలు ఉన్నప్పటికీ, నిర్మాత తన సౌకర్యం కోసం ఎడిటర్‌లో చేసుకున్న విభాగాలు, గుంపులు అందులో మిగలవు. అభ్యాసకునికి కావలసినది ఆ అమరికే కనుక మూల ఫైలుకు ప్రత్యేకమైన విలువ ఉంది. 1996లో వచ్చిన క్వేక్ ఆట లెవెళ్ల మూలాలను జాన్ రొమేరో 2006లో స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయడానికి ఉన్న ప్రాముఖ్యం కూడా ఇదే.

తొలగించి తెలుసుకోవడం

నమూనాలో అభ్యాసకుని దృష్టి మొదట కదిలే వస్తువులపై పడుతుంది. ఆటగాడు సమీపించగానే తెరుచుకునే తలుపునే తీసుకుందాం. తలుపు ముందు కంటికి కనిపించని ఒక ట్రిగ్గర్ ఉంటుంది. ఆటగాడు దానిని తాకగానే అది తలుపును పేరుతో గుర్తించి ‘తెరుచుకో’ అనే ఆదేశం పంపుతుంది; ఆ ఆదేశం ఎన్ని సెకన్ల తరువాత చేరాలో కూడా అక్కడే నమోదవుతుంది. ఆ సంఖ్యను 0 నుండి 2కు మార్చి ఆడిచూస్తే చాలు, వ్యవస్థ స్వభావం అర్థమవుతుంది. ఇది సులభమైన భాగం.

కష్టమైనది కనిపించని భాగం. అదే తలుపు మందంలో ఏరియాపోర్టల్ అనే పలుచని పలక ఒకటి దాగి ఉండవచ్చు. తలుపు మూసి ఉన్నంతసేపు అవతలి గదులను చిత్రించే శ్రమను ఇంజిన్‌కు తప్పించడమే దాని పని. అభ్యాసకుడు దానిని తొలగించి లెవెల్‌ను మళ్లీ కంపైల్ చేస్తే ఆటలో ఏ మార్పూ కనిపించదు. అనవసరమైనదేదో తొలగించాననుకోవడం అతనికి సహజం. అయితే వస్తువులను కేవలం గీతలుగా చూపే వైర్‌ఫ్రేమ్ ఆదేశాన్ని అమలు చేస్తే, మూసిన తలుపు వెనుక గదులన్నీ చిత్రితమవుతూ కనిపిస్తాయి. తక్కువ శక్తి గల కంప్యూటర్‌పై ఆడేవారికి ఆట తడబడటానికి ఇటువంటి లోపాలు కారణమవుతాయి. లెవెల్‌లోని స్తంభాలు, మెట్లు, కిటికీ చట్రాల వంటి చిన్న నిర్మాణాలను ‘డీటెయిల్’ వర్గంలో ఎందుకు ఉంచారన్నది కూడా ఇలాగే తెలుస్తుంది. వాటిని సాధారణ గోడల వర్గంలోకి మార్చితే స్థలం మరిన్ని ఖండాలుగా చీలుతుంది, వీవిస్ లెక్కింపు సాగిపోతుంది. ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలన్న నియమం ఇక్కడ తప్పనిసరి. రెండింటిని కలిపి మార్చితే ఫలితం దేనిదో తేలదు.

ప్రదర్శనశాల, వ్యాఖ్యానం

నమూనాలన్నీ ఒకే తీరువి కావు. ఎపిక్ గేమ్స్ వారి అన్‌రియల్ ఇంజిన్‌కు లభించే ‘కంటెంట్ ఎగ్జాంపుల్స్’ ప్రదర్శనశాలను తలపిస్తుంది. ఒక్కొక్క లెవెల్ ఒక్కొక్క విషయానికి కేటాయించినది. వేదికలపై అంకెలతో, శీర్షికలతో ఒక్కొక్క సౌకర్యాన్ని విడిగా నిలబెడతారు. తొలి పరిచయానికి ఇంతకన్నా మేలైన రూపం అరుదు. కానీ పెద్ద బాలశిక్ష పూర్తిచేసినవాడు కావ్యం ముందు తడబడినట్లే, ఇక్కడ అన్నీ చూసినవాడు నిజమైన ఆట లెవెల్ ముందు తడబడతాడు. అక్కడ ఏదీ విడిగా నిలబడదు.

ఈ రెండింటికీ నడుమ 2005 అక్టోబరులో వాల్వ్ విడుదల చేసిన ‘లాస్ట్ కోస్ట్’ నిలుస్తుంది. హెచ్‌డీఆర్ అనే కాంతి చిత్రణ విధానాన్ని చూపడానికే ఉద్దేశించిన చిన్న లెవెల్ అది. ఎండ పడే సముద్రతీరం నుండి ప్రార్థనా మందిరపు చీకటిలోకి నడిపించి, కన్ను వెలుతురుకు అలవాటుపడే తీరును ఆటగానికి అనుభవంలోకి తెస్తుంది. దారిలో అక్కడక్కడా నిర్మాతల వ్యాఖ్యానాలను వినవచ్చు. మల్లినాథసూరి వ్యాఖ్యతో కాళిదాసును చదివిన సంప్రదాయానికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఏమి చేశారన్నది మూల ఫైలు చెబుతుంది. ఎందుకు చేశారన్నది వ్యాఖ్యానం చెబుతుంది. రెండవది లేని నమూనాలే ఎక్కువ కనుక తొలగించి చూసే పద్ధతి అవసరమవుతోంది.

నమూనాలో లేనిది

విడుదలైన నమూనాలో దోషాలు ఉండవు, ఉన్నా స్వల్పం. అందువల్ల విఫలమైన లెవెల్ ఎలా ఉంటుందో అది చూపలేదు. ఈ లోటును అభ్యాసకుడే పూరించుకోవాలి. నమూనాలోని ఒక గదిని చూసి, దానిని మూసివేసి, ఖాళీ ఫైలులో అదే గదిని కొలతలతో సహా తిరిగి నిర్మించడం ఇందుకు తగిన సాధన. ఆటగాని ఎత్తు 72 యూనిట్లు, వెడల్పు 32 యూనిట్లు అన్న లెక్క తలుపు ఇరుకైనప్పుడే గుర్తుండిపోతుంది. దూకకుండా ఎక్కగల మెట్టు ఎత్తు 18 యూనిట్లు మించరాదన్నదీ అంతే. గోడకూ కప్పుకూ నడుమ ఒక్క యూనిట్ సందు మిగిలినా లెవెల్ వెలుపలి శూన్యానికి దారి ఏర్పడి, వీవిస్ లెక్క సాగదు. అప్పుడు వీబీఎస్‌పీ నమోదుచేసిన దారిని హామర్‌లో తెరిస్తే, గదిలోని ఏదో ఒక వస్తువు నుండి బయలుదేరిన ఎర్రని గీత మలుపులు తిరుగుతూ ఆ సందు గుండా బయటకు వెళ్తుంది. ఏ నమూనా లెవెల్‌లోనూ కనిపించని ఆ గీతను అభ్యాసకుడు తన గదిలో చూస్తాడు.