చర్మమునందలి రక్తనాళముల వాపు

పిక్కలమీదను, చీలమండలచుట్టును కందిపప్పంతేసి యెఱ్ఱని మచ్చలు గుంపుగా లేచుట మీలో కొందఱు చూచియే యుందురు. వేడిచేసినదని చందనము పూయుట మనకు వాడుక. కాని పలుచని గాజుపలకతో వానిని నొక్కి చూడుడు. ఎఱుపు చెదరకున్నచో, రక్తము చిన్న నాళములను దాటి చర్మములోనికి ఒలికినదన్నమాట. వ్రేలికి మిట్టగా కూడ తగిలినచో, ఆ నాళముల గోడలే వాచినవని వైద్యులు అనుమానింతురు.

పెక్కుమారులీ వాపు ఏదో అంటురోగము వెనుకనో, ఔషధమొకటి పడకనో వచ్చి, కొలది వారములలో తానే పోవును. భయమంతయు తక్కిన సందర్భములను గూర్చియే.

సూక్ష్మజీవులను పట్టుటకు మన రక్తములో ప్రతిరక్షకములను పదార్థములు పుట్టుచుండును. అవి సొంత శరీరముపైకి తిరుగుట ఘోరవిపత్తనియు, దానిని వారించు కట్టుబాటేదో దేహమునందుండవలెననియు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ తలచెను. ఆ కట్టుబాటు తప్పుటయు కలదు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు కొందఱు మూత్రపిండరోగుల రక్తములో, తెల్లకణములకే విరుద్ధమైన ప్రతిరక్షకములను కనిపెట్టిరి. నాడు వెగెనర్ వ్యాధి యనబడిన రోగమునకును వీనికిని గల సంబంధమును 1985లో హాలెండు, డెన్మార్కు వైద్యులు వెల్లడించిరి. వీనికి ‘ఆంకా’ యని పొట్టిపేరు.

న్యూట్రోఫిలను తెల్లకణములలో సూక్ష్మజీవులను చంపు రసములు చిన్న సంచులలో దాగియుండును. ఆంకా తాకినపుడు ఆ కణము శత్రువు లేకయే రేగి, నాళపుగోడకు అంటుకొని, ఆ రసములను అచటనే క్రుమ్మరించును. కావలివాడే యింటికి నిప్పు పెట్టినట్లగును.

చర్మమునకే పరిమితమైన వాపులో ఆంకా సాధారణముగా కానరాదు. కనిపించినచో మూత్రపిండములను పరీక్షింపక విడువరాదు. కాలిమీది మచ్చ కంటికి కనబడును. మూత్రపిండము నొప్పియైన తెలియనీయక చెడును. తగిన చికిత్స లేని రోజులలో వెగెనర్ రోగులు నూటికి 82 మంది యేడాదిలోపల మరణించిరని 1958 నాటి లెక్క. పిమ్మట సైక్లోఫాస్ఫమైడును, 2010 నాటి పరిశోధనలలో రుజువైన రిటుక్సిమాబును ఆ స్థితిని మార్చినవి.

అయితే ఆంకా కనబడినంతనే రోగము నిశ్చయమని తలపరాదు. క్షయరోగులలో కొందఱికిని, కొన్ని మందులు వాడువారికిని అది యుండవచ్చును. అందుచేతనే చర్మపుతునకను సూక్ష్మదర్శినితో చూతురు.

పిల్లలలో తఱచుగా వచ్చు రకము వేఱు. అందు ‘ఐజీఏ’ యను ప్రతిరక్షకము నాళపుగోడలలో పేరుకొనును. ఆంకాకు దీనితో సంబంధము లేదు. కాని మచ్చలు మానినను, మూత్రములో రక్తముగాని మాంసకృత్తుగాని పోవుచున్నదేమో ఆరుమాసములవఱకు అప్పుడప్పుడు చూపించుచుండవలెను.