కొత్త ఇంటికి బోలు గోడ మేలు

జమ్మలమడుగు: పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు వేసుకున్నవారు మొదటి ఎండాకాలానికే మంచాలు బయట వేసుకుంటున్నారు. పాత ఇంటి గోడ రెండడుగుల దాకా మందం. రెండు వరసల నాపరాళ్ళు, నడుమ మట్టి, మిద్దె మీద చౌడు. పగటి వేడి లోపలికి దిగేసరికి పొద్దు గూకేది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు అంత ఓపిక లేదు.

చలిదేశాలలో జంట గోడల నడుమ దూదివంటి సరుకు నింపుతారు. మనకు ఆ ఖర్చు అక్కరలేదు. లారీ బేకర్ (1917-2007) కేరళలో ప్రచారం చేసిన ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడి చాలు. ఇటుకను పడుకోబెట్టరు, అంచుమీద నిలబెడతారు. గోడ మందం అదే తొమ్మిది అంగుళాలు, లోపల మూడంగుళాల సందు. అందులో కదలకుండా నిలిచిన గాలి వేడిని అడ్డుతుంది. ఇటుకలు సుమారు నాలుగో వంతు మిగులుతాయి.

అయితే ఇటుకలన్నీ ఒకే కొలతగా ఉండాలి, బట్టీ దగ్గర ఏరుకోక తప్పదు. సందులో సిమెంటు ముద్దలు పడనివ్వవద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి. మొదటి వరస, కిటికీల అడుగు, లింటెల్ కింద వరస మాత్రం గట్టిగా కట్టించాలి. డబ్బు చాలకపోతే పడమటి గోడ ఒక్కటైనా ఇలా కట్టించండి.

గోడ సంగతి చూసి స్లాబును మరిస్తే దండగ. ఒంటి అంతస్తు ఇంటికి ఎక్కువ వేడి పైనుంచే దిగుతుంది. శివరాత్రి దాటగానే స్లాబుకు తెల్లసున్నం కొట్టించాలి. అందం కోసం పైన నల్ల నాపబండలు పరిపించి నేనే దెబ్బతిన్నాను. రాత్రి పది దాటినా వాటి మీద కాలు పెట్టలేము.