గాల్వానీ తలుపు

కిందటిసారి విశాఖ వెళ్ళినప్పుడు పిల్లలకి ఆర్కే బీచిలో కురుసుర జలాంతర్గామి చూపించాం. గదికీ గదికీ మధ్య వంగి దూరాల్సిన తలుపులు చూసి మా చిన్నవాడు, "ఇవి మూసేస్తే అవతలున్నవాళ్ళు ఎలా వస్తారు నాన్నా?" అన్నాడు. ఇంజనీరింగు చదివిన నాన్న నీళ్ళు నమిలాడు. ఆ ప్రశ్నకి జవాబు మేముంటున్న దేశపు సముద్రంలోనే ఉందని తర్వాత చదివితేగానీ తెలియలేదు.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి సెలవురోజున ఫుజైరా వెళితే కనిపించే నీళ్ళు ఒమన్ సింధుశాఖవి. 1938లో జలప్రవేశం చేసిన ఇటలీ జలాంతర్గామి గాల్వానీ 1940 జూన్‌లో ఎర్రసముద్రపు మసావా రేవు నుంచి బయల్దేరి ఇక్కడికొచ్చింది. వచ్చే పోయే ఓడల్ని దెబ్బతీయడం దాని పని.

జూన్‌లో ఇక్కడ ఏసీ ఆగితే ఇంట్లో మన పరిస్థితేమిటో వేరే చెప్పాలా? ఆ నౌకలకీ ఏసీలుండేవి. అయితే వాటిలో వాడింది మిథైల్ క్లోరైడ్. అది కారినా రంగుండదు, వాసన సరిగా తెలియదు. మనిషికి మాత్రం మతి తప్పుతుంది. మకాలే అనే జలాంతర్గామిలో సిబ్బంది ఇలాగే విషవాయువు పాలై, దారి తప్పి, జూన్ 15న పగడపు దిబ్బ మీదికెక్కింది. జూన్ 19న ఏడెన్ దగ్గర గెలీలియో గెలీలీని, చేపల పడవని యుద్ధానికి మలిచిన బ్రిటిష్ నౌక మూన్‌స్టోన్ లొంగదీసింది. అందులో దొరికిన కాగితాల్లో గాల్వానీ ఎక్కడ కాపు వేసిందో ఉంది. మన భాషలో చెప్పాలంటే, పాస్‌వర్డు బయటపడింది!

జూన్ 23 రాత్రి బ్రిటిష్ నౌక ఫాల్మత్ గాల్వానీని పట్టుకుంది. అది మునగబోతే నీటి అడుగున పేలే బాంబులు వేసింది. వెనక టార్పెడో గదిలోకి నీళ్ళు చొరబడ్డాయి. అక్కడున్న పియెత్రో వెనూతి తలుపు మూసేశాడు, తాను లోపలే ఉండి. నౌక పైకి తేలింది. 26 మంది పోయారు, 31 మంది బతికారు. వెనూతికి మరణానంతరం ఇటలీ అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు; 2016లో నౌకాదళంలో చేరిన కొత్త జలాంతర్గామికి అతని పేరే పెట్టారు.

ప్రోగ్రాముల్లో పాడైన భాగాన్ని విడదీసి మిగతాది కాపాడడం మాకు రోజూ ఉండే పనే. ఆ విడదీసే భాగంలో మనిషి ఉంటాడని ఎప్పుడూ అనుకోలేదు. మొన్న ఫుజైరా ఒడ్డున మావాడికి జవాబు చెప్పాను: "రారు నాన్నా. అది తెలిసే మూస్తారు."

వాడు చాలాసేపు సముద్రంకేసి చూస్తూ కూర్చున్నాడు.